ఆరో ముక్క

రెండో తొడుగుని లాగుడక్క కూరల సంచి అడుగున దాచి ల్యాబుకి మోసుకెళ్లింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక దాని పైఅంచు దగ్గర కోత అచ్చు పెట్టి ఒక ముక్క తీసి, మిషను దవడల్లో బిగించి లాగింది. తెర మీద గీత పైకి లేస్తూ ఉంటే కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకుని కూలబడింది. పోయిన వారం మనం ఆమెని వదిలేసింది ఆ కుర్చీలోనే.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం రెండు మాటలు చెప్పుకోవాలి. లాగుడక్కకి ఆ పేరు ల్యాబువాళ్లు పెట్టారు. రబ్బరు ముక్కల్ని మిషనుకి తగిలించి, ఎంత బలానికి ఎంత సాగుతాయో చూడటం పదహారేళ్లుగా ఆమె ఉద్యోగం. ఆ సాగుడు గీతలోంచి ఆమె మూడు అంకెలు తీస్తుంది. ఆ రబ్బరు గుణమంతా ఆ మూడింట్లో ఉంటుంది. అవి చేతికందితే చాలు, వస్తువు ఇంకా పుట్టకముందే అది ఎక్కడ ఎంత నొక్కుతుందో తయారుచేసేవాళ్ల కంప్యూటరు లెక్కగట్టేస్తుంది.

ఇక ఆమె ఆడపడుచు. బడిలో ఆటలు నేర్పుతుంది కాబట్టి పిల్లలు ఈల టీచరంటారు. మూడేళ్ల కిందట లారీ చక్రం కింద పడి కుడికాలు పోయింది. మోకాలు మాత్రం దక్కింది. దాని కింద మిగిలిన మొండికి మెత్తటి రబ్బరు తొడుగు వేసుకుని, పైన కట్టుడు కాలు బిగించుకుని, మళ్లీ మైదానంలోకి దిగింది. మూడు నెలల కిందట ఆస్పత్రివాళ్లు పన్నెండు మందికి కొత్తరకం తొడుగులు ఇచ్చారు, మనిషికి రెండేసి, రోజు మార్చి రోజు వేసుకోమని. ఆ పన్నెండు మందిలో ఈల టీచరు ఒకతె. ఆ రబ్బరుకి మూడు అంకెలు తీసిచ్చింది లాగుడక్క.

ఇప్పుడు ఈల టీచరు మొండి మీద చొక్కా బొత్తామంత పుండుంది. పది రోజులు దాచింది గానీ, మొన్న అది వదిన కంట పడింది. దాంతో అనుమానం వచ్చి వదిన ఆ తొడుగుని కోసి చూసింది. తను రిపోర్టులో రాసినదానికంటే ఆ రబ్బరు ఒకటిన్నర రెట్లు గట్టిగా ఉంది.

*

ల్యాబు నుంచి ఇంటికి రెండు బస్సులు మారాలి. ఆడపడుచుకి ఎలా చెప్పాలా అని లాగుడక్క దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. మొదటి బస్సులో 'చిన్న పొరపాటు జరిగింది' అనుకుంది. రెండో బస్సులో 'చిన్న' తీసేసింది. ఇంటి మెట్లెక్కేసరికి ఏ మాటా మిగల్లేదు.

సంచిని వంటింటి తలుపు వెనక కొక్కేనికి తగిలించి మొహం కడుక్కోవడానికి వెళ్లింది. ఆ ఇంట్లో సాయంత్రం కూరలు తరిగేది ఎవరో ఆ క్షణాన ఆమెకి గుర్తులేదు. బడి నుంచి రాగానే ఈల టీచరు కాలు విప్పి గోడకి ఆనించి, వంటింట్లో ఎత్తు స్టూలు ఎక్కి కూర్చుంటుంది. కొక్కెం సరిగ్గా ఆమె చెయ్యి అందేంత దూరంలో ఉంటుంది.

"వదినా, బీన్స్ తెచ్చావా?"

"తెచ్చాను. సంచిలో..." అంది లాగుడక్క మొహం నిండా సబ్బుతో. అంటూనే కొళాయి కట్టకుండా పరిగెత్తింది.

అప్పటికే ఈల టీచరు ఒళ్లో బీన్స్ కట్ట, దాని పక్కన తొడుగు ఉన్నాయి. తొడుగు పైఅంచు దగ్గర కంత ఉంది. రెండు చివర్లా వెడల్పు, నడుము సన్నం, కుక్కపిల్లలకి ఆడుకోవడానికి పడేసే బొమ్మ ఎముకలా. ఈల టీచరు ఆ కంతలోంచి వేలు బయటికి పెట్టి అటూ ఇటూ ఆడించింది.

"మనింట్లో ఎలకలు బాగా చదువుకున్నవి వదినా. ఎంత నున్నగా కొరికాయో చూడు."

"ఎలకలు కాదు. నేనే కోశాను."

"ఏంటీ?"

"ముక్క కావలసొచ్చింది. పరీక్షకి."

ఈల టీచరు వేలు వెనక్కి తీసుకుంది. "నా కాలు కోశావా వదినా?"

"కాలు కాదే. తొడుగు."

"పొద్దున్నే మంచం దిగాలంటే నాకు రెండూ ఒకటే." గొంతు ఇంకా సరదాగానే ఉంది గానీ కళ్లు సరదాగా లేవు. "అడిగితే ఇవ్వనా? గొడుగడిగితే ఇచ్చాను. కళ్లజోడడిగితే అదీ ఇచ్చి రోజంతా తడుముకుంటూ తిరిగాను."

"అడిగితే ఎందుకని అడుగుతావు."

"అడుగుతాను మరి. ఇప్పుడూ అడుగుతున్నాను. ఎందుకు?"

సబ్బు కంట్లోకి దిగి మంటెత్తుతోంది. తుడుచుకుంటే ఏడుస్తోందనుకుంటుందని లాగుడక్క తుడుచుకోలేదు.

"ఆ రబ్బరుకి అంకెలిచ్చింది నేను."

"తెలుసుగా. బడంతా నేనే టముకు వేశాను, మా వదిన చేత్తో లాగి చూసిన తొడుగు వేసుకున్నానని. హెడ్మాస్టరుకైతే రెండుసార్లు చెప్పాను."

"ఆ అంకెలు తప్పే."

ఈల టీచరు ఒళ్లోని తొడుగుని తిరగేసి చూసింది.

"ఎంత తప్పు? ఒకటికి బదులు రెండు వేశావా?"

"అలా వేసినా బావుండేది. ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు." లాగుడక్క తలుపు గడియ వైపు చూసింది. కూరల కట్టలకి వచ్చే రబ్బరు బ్యాండ్లన్నీ ఆ గడియకి తగిలించి ఉంచడం ఆ ఇంట్లో అలవాటు. అందులోంచి ఒకేలా ఉన్న రెండు కొత్తవి ఏరింది. నోటితో చెప్పలేనిది చేతులతో చెప్పడం ఆమెకి వచ్చు.

ఒకదాన్ని మంచినీళ్ల గ్లాసుకి వేసి తీసింది. నాలుగైదుసార్లు అలాగే వేసి తీసింది. రెండోదాన్ని పిండి డబ్బా చుట్టూ, తెగుతుందేమోనన్నంతగా సాగదీసి, నాలుగైదుసార్లు వేసి తీసింది. తర్వాత రెంటినీ రెండు గ్లాసులకి వేసి ఆడపడుచు ముందు పెట్టింది.

"కిందికి జరుపు."

ఈల టీచరు చూపుడువేలితో జరిపింది. మొదటిది గ్లాసుని కరుచుకుని మొరాయించింది. రెండోది సులువుగా జారింది.

"రబ్బరుని మొదటిసారి లాగితే బిర్రుగా ఉంటుంది. నాలుగైదుసార్లు లాగాక ఒక దారికొస్తుంది. అందుకని ముందు ఐదుసార్లు ఊరికే లాగుతాం. అలవాటు చెయ్యడం అంటాం. ఆరోసారి వచ్చిన గీతే రాసుకుంటాం, ముందువి పారేస్తాం. మా ల్యాబు పెద్దాయన నాకు నేర్పిన మొదటి పాఠమది."

"బాగానే ఉందిగా."

"ఎంత దూరం లాగి అలవాటు చేస్తే అంతకి తగ్గట్టే మెత్తబడుతుంది. అదీ సంగతి. నీ కాలి మీద తొడుగు పది సెంటీమీటర్లున్నది పదహారు దాకా సాగుతుంది. ఇంక సాగదు. ఆస్పత్రివాళ్లు చీటీలో పదహారనే రాశారు. నేను చదివాను కూడా. మిషనులో గాలి సంచుల రబ్బరుకి పెట్టిన పాత ప్రోగ్రాం ఉంది. అది పదిని ముప్పై దాకా లాగుతుంది. చీటీ చదివి, పక్కన పెట్టి..." లాగుడక్క తన కుడి చూపుడువేలు చూసుకుంది. "పాత ప్రోగ్రామే నొక్కాను. రోజూ నొక్కేది అదే. వేలు దానంతటదే పోయింది."

"గీత తేడాగా రాలేదా?"

"ముచ్చటగా వచ్చింది. అంకెల్లోంచి మళ్లీ గీత గీస్తే మిషను గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. ఆ రోజు మీ అన్నయ్యకి చెప్పి మురిసిపోయాను కూడా."

ఈల టీచరు రెండు గ్లాసుల వంకా చూసింది. ఆమెది చురుకైన బుర్ర. ఏ పిల్లాడు ఏ కాలు ముందు వేస్తాడో పరుగు మొదలు కాకముందే చెప్పగల మనిషి. "అంటే నువ్వు అంకెలు తీసింది ఈ జారిపోయేదానికి. నేను వేసుకు తిరుగుతున్నది ఈ కరుచుకునేది."

"తొడుగు చేసినవాళ్లు వదులు రబ్బరే అనుకున్నారు. పట్టు చాలదని సైజు తగ్గించారు."

"అది నన్ను పిండుతోంది."

"నీ నడకలో తప్పేం లేదు. నువ్వు పరిగెత్తడం వల్లా కాదు. అంతా నా వల్లే."

ఇక లేస్తుంది అనుకుంది లాగుడక్క. ఆడపడుచు కోపం ఆమెకి కొత్త కాదు. 'ఈ ఇంట్లో ఒంటికాలి మీద లేవడం నాకొక్కదానికే చేతనవును' అని తన మీద తనే జోకు వేసుకుంటూ మరీ లేస్తుంది. ఇవాళ లేవలేదు. బీన్స్ కట్ట విప్పి, ఒక కాయ తీసుకుని, దాని ఈనె జాగ్రత్తగా లాగి, పళ్లెం అంచున పెట్టింది. ఇంకో కాయ తీసుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళ మధ్యాహ్నం."

"సోమవారం తెలిసుంటే బావుండేది."

"సోమవారం ఏమైంది?"

మూడో కాయ ఈనె మధ్యలో తెగింది. ఈల టీచరు దాన్ని పళ్లెంలో పడేసి చేతులు తుడుచుకుంది. "ఇది మొదటి పుండు కాదు వదినా. మూడోది. రెండుసార్లు కాలు విప్పి పడుకుంటే మానింది. వేసుకోగానే మళ్లీ వచ్చింది. నువ్వు గాభరా పడతావని చెప్పలేదు. సోమవారం అన్నయ్య నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాడు."

"అన్నయ్య తీసుకెళ్లాడా?"

"పాపం ఆయన్నేం అనకు. నేనే ఒట్టు పెట్టించుకున్నాను." చెయ్యి తనకి తెలియకుండానే మోకాలి మీదికి వెళ్లి కూర్చుంది. "తొడుగు తప్పైనా అయ్యుండాలి, ఎముక చివర తప్పైనా అయ్యుండాలి అన్నాడు డాక్టరు. తొడుగు తప్పయితే మార్చుకోవడమే. ఎముక తప్పయితే పుండు మళ్లీ మళ్లీ వస్తుంది, ఒకరోజు లోపలికి దిగుతుంది, అప్పుడు ప్రాణం మీదికొస్తుంది. ఆ గొడవ లేకుండా మోకాలి పై దాకా తీసేస్తే ఒక్కసారితో పోతుందన్నాడు. తొడుగు రిపోర్టు తెప్పించి చూశారు. నొక్కుడు హద్దులోనే ఉందట."

లాగుడక్కకి స్టూలు, గ్లాసులు, బీన్స్ అన్నీ ఒక్కసారి దూరం జరిగినట్టయింది.

"తీసెయ్యడానికి... ఎప్పుడు?"

"వచ్చే మంగళవారం."

"నువ్వు సరేనన్నావా?"

"సంతకం పెట్టాను."

"నన్ను ఒక్క మాట అడగకుండా ఎలా పెట్టావే?"

"అడగకుండా ఏముంది వదినా?" ఈల టీచరు మొదటిసారి తలెత్తి వదిన మొహంలోకి చూసింది. "ఆ రిపోర్టు నా చేతికిచ్చారు. నాలుగు పేజీలు. గీతలూ అంకెలూ. నాకేం తెలుస్తుంది? చివరి పేజీ తిప్పితే కింద నీ సంతకం ఉంది. చివర తోకలాంటి గీత గీస్తావుగా, అదీ ఉంది. అది చూసి నేనూ పెట్టేశాను."

లాగుడక్క నేల మీద కూర్చుండిపోయింది. కొళాయి ఇంకా కారుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ వెళ్లి కట్టలేదు.

కాసేపటికి లాగుడక్క భర్త వచ్చాడు. ఎక్కడెక్కడి పాత గడియారాలూ బాగుచేసి, తను మాత్రం ఒక్కరోజూ సరైన టైముకి ఇంటికి చేరని మనిషి. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "కొళాయి పెట్టి మీరిద్దరూ ధ్యానం చేస్తున్నారేంటి?" అన్నాడు. భార్య మొహం చూశాడు, చెల్లెలి మొహం చూశాడు, తొడుగులోని కంత చూశాడు. నవ్వు మొహం మీంచి మెల్లిగా దిగిపోయింది. వెళ్లి కొళాయి కట్టేశాడు. అంతకు మించి చెయ్యగలిగింది ఆయనకీ ఏమీ కనపడలేదు.

"నాలుగు రోజులు నాతో కలిసి తిన్నారు, పడుకున్నారు," అంది లాగుడక్క. "ఒక్క మాట చెప్పలేదు."

"అది ఒట్టు పెట్టించుకుంది. నువ్వు నిద్ర మానేస్తావని..." ఆయన చెల్లెలి వైపు చూశాడు.

"రేపే ఆ రిపోర్టు వెనక్కి తీసుకుంటాను. డాక్టరుకి నేనే చెబుతాను."

"చెప్పు." ఈల టీచరు మళ్లీ బీన్స్ అందుకుంది. "కానీ నాకు ఆశ పెట్టకు వదినా. ఆశ పడ్డప్పుడల్లా పడుకోబెట్టారు నన్ను. ఈసారి మనసు గట్టి చేసుకుని పెట్టాను సంతకం. అది మళ్లీ మెత్తబడితే మంగళవారం నేను ఆ బల్ల ఎక్కలేను."

అని రెండు కాయలు తరిగింది. కత్తి ఆపకుండానే, తల వంచుకునే అడిగింది.

"నిజంగా తొడుగుదే తప్పయితే, మోకాలు ఉంటుందా?"

ఉంటుంది అందామనుకుంది లాగుడక్క. "ఉండాలి," అంది.

*

ఆ రాత్రి ఎవరెంత పడుకున్నారో ఎవరూ ఎవర్నీ అడగలేదు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి లాగుడక్క ఆస్పత్రికి ఫోను చేసింది. డాక్టరు ఆపరేషన్లో ఉన్నాడు. ఫోనెత్తిన అమ్మాయి చాలా మర్యాదగా అంతా విని, ఎవరికో చెప్పి, వచ్చి జవాబు చెప్పింది. "రిపోర్టు తప్పని మీ ల్యాబే కాగితం మీద రాసివ్వాలండీ. నోటిమాట ఫైల్లో పెట్టలేం కదా. కాగితం రాకపోతే మంగళవారం అంటే మంగళవారమే."

ల్యాబులో పెద్దాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆయన వచ్చాకే లైట్లు వెలుగుతాయి. ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతాడు. గోడ పలక మీద ఆ రోజు గది వేడి 27 అని సుద్దతో రాసి ఉంది. ఏడుకి నడుము మీద అడ్డగీత. ఒకటీ ఏడూ ఒకదానిలా ఒకటి కనపడి ఎక్కడ కొంప మునుగుతుందోనని ఆయన ఆ గీత గీస్తాడు. లాగుడక్క చేరిన కొత్తలో గియ్యమని పోరు పెట్టాడు కూడా. ఆమెకి పట్టుబడలేదు.

ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటూ ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. పాత ప్రోగ్రాం నొక్కానన్నప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు.

"మొదటి లాగుడు మాట నమ్మొద్దని నేర్పింది నేనే కదమ్మా," అన్నాడు చివరికి.

"మీరు నేర్పిందాంట్లో తప్పు లేదండీ. ఎంత దూరం లాగాలో చీటీలో ఉంది. నేను పాటించలేదు. తప్పు నాదేనని రాసివ్వండి. నా ఉద్యోగం పోయినా ఫరవాలేదు."

"నీ ఉద్యోగం సంగతి కాదిది. నేను రాయాలంటే చేతిలో ఏదో ఒకటుండాలి."

"నిన్న ముక్క లాగానుగా. గీత ఉంది."

"ఆ ముక్క చెల్లదు." ఆయన గొంతు మెత్తగా ఉంది. కసిరినా ఆమెకి ఇంతకంటే తేలిగ్గా ఉండేది. "మూడు నెలలు చెమటలో నానింది. రోజూ సబ్బుతో కడిగారు. చెమటకే గట్టిపడిందంటారు తొడుగు చేసినవాళ్లు. వాళ్ల వైపు నేను కూర్చున్నా అదే అంటాను. పైగా ట్రయల్లో ఉన్న తొడుగుని అడగకుండా కోశావు."

"కొత్త రబ్బరు షీటు తెప్పిద్దాం."

"ఆ వాయి రబ్బరంతా తొడుగులైపోయింది. ఇంకో వాయి పోసి, ఆరబెట్టి, పంపేసరికి పదిహేను రోజులు. అయినా ఆ వాయి వేరు, ఈ వాయి వేరు అంటారు."

"మంగళవారానికి నాలుగు రోజులే ఉందండీ."

"తెలుసమ్మా."

"మా ఆడపడుచుతో పోయేది కాదు. ఇంకో పదకొండు మంది వేసుకు తిరుగుతున్నారు."

"తెలుసు," అన్నాడు ఆయన మళ్లీ. టీ వంక చూశాడు, తాగలేదు. "ఆ రోజు అలవాటు లాగుళ్ల ఫైళ్లేమైనా ఉన్నాయేమో చూశావా?"

లాగుడక్క తల అడ్డంగా ఊపింది. మొదటి ఐదు లాగుళ్ల ఫైళ్లూ శనివారం శనివారం చెరిపెయ్యడం ల్యాబు పద్ధతి. చెరిపింది ఆమే. అవసరం లేని చెత్తని పక్కవాళ్లు నెలల తరబడి ఉంచుకుంటే కోప్పడేది కూడా ఆమే.

మిషను పక్కకి వెళ్లి నిలబడింది. పదహారేళ్లుగా తన మాట వింటున్న ఇనప దవడలు ఖాళీగా నోరు తెరుచుకుని ఉన్నాయి. లాగడానికి ఏమీ లేదు. పక్కన బల్ల మీద అచ్చు ఉంది. ఒక్కో షీటు మీద ఆ అచ్చుని ఆరుసార్లు దించుతారు. ఆరు ముక్కలు. ఐదింటిని లాగుతారు. ఆరోది...

లాగుడక్క గిర్రున తిరిగింది.

"ఆరో ముక్క!"

ఒక ముక్క దవడల్లోంచి జారినా, నడుము దగ్గర కాక చివర తెగినా పనికొస్తుందని ఆరోదాన్ని ముట్టుకోకుండా కవర్లో పెట్టి దాస్తారు. ఆ రోజు ఐదూ చక్కగా వచ్చాయి. ఆరోదాని అవసరమే పడలేదు. అదే షీటు, అదే వాయి. చెమట చూడలేదు, సబ్బు చూడలేదు. చీటీలో చెప్పినట్టు పదహారు దాకానే అలవాటు చేసి లాగితే, ఈ పూటే అంకెలొస్తాయి. వాటిని కాదనగలిగినవాళ్లు ఎవరూ ఉండరు.

"బీరువా తాళం ఇవ్వండి. ఆరో ముక్క ఉంటుంది కదండీ! నాకు నిన్ననే ఎందుకు తోచలేదో!"

"ఏ బీరువా?" అన్నాడు పెద్దాయన.

ల్యాబులో ఉన్నది ఒకటే బీరువా. లాగుడక్క ఆ సంతోషంలో అది పట్టించుకోలేదు. ఆయన చొక్కా జేబు చూసుకున్నాడు, ప్యాంటు జేబులు రెండూ చూసుకున్నాడు. తాళంచెవి ఎప్పుడూ ఉండే చోటే, మెడలో కార్డు తాడుకే ఉంది. తాడు తీసి ఆమె చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగాడు.

బీరువా మూడో అరలో కవర్లు నెలలవారీగా నిలబెట్టి ఉన్నాయి. ఆమెకి వెతుక్కోవలసిన పని లేదు. అన్నీ ఆమె సర్దినవే. తనకి కావలసిన కవరు తీసి, అంచు విప్పి, అరచేతిలోకి వంచింది. లేత బూడిదరంగు ముక్క మెత్తగా జారి పడింది. నడుము మీద రెండు తెల్ల గీతలు. లాగకముందు ప్రతి ముక్కకీ స్టాంపుతో గుద్దే గీతలవి. వాటి మధ్య దూరం సరిగ్గా ఇరవై ఐదు మిల్లీమీటర్లు. లాగేటప్పుడు అవి ఎంత దూరం జరిగాయో చూసే సాగుడు కొలుస్తారు.

లాగుడక్క ఆ ముక్కని కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ. ఫోను తీసి ఇంటికి చెప్పేద్దామా అనుకుంది. 'ఆశ పెట్టకు వదినా' అన్న మాట గుర్తొచ్చి ఫోను లోపల పెట్టేసింది. ముందు లాగుదాం. లాగి, అంకెలు తీసి, సంతకం పెట్టించుకుని, అప్పుడు.

మిషనుకి తగిలించే ముందు ముక్కని కొలవడం పద్ధతి. కొలిచే పరికరం తీసి గీతల మధ్య ఆనించింది.

ఇరవై ఆరు. పైన ఇంకాస్త.

సరిగా ఆనలేదేమో అనుకుంది. పరికరం మూసి, సున్నా చూసి, మళ్లీ ఆనించింది. ఇరవై ఆరు, ఇంకాస్త. ముక్కని బల్ల మీద చదునుగా పరిచి మూడోసారి కొలిచింది. అంకె కదల్లేదు.

కవర్లో పడుకున్న రబ్బరు తనంతట తాను సాగదు. దూరం లాగితేనే, వదిలాక కూడా ఆ కాస్త మిగిలిపోతుంది. ఈ ముక్కని ఎవరో మిషనుకి తగిలించారు. లాగారు. తెగకుండా ఆపి, మళ్లీ తెచ్చి కవర్లో పెట్టారు. ఒకసారి లాగిన రబ్బరుని లాగనిదిగా చేసే మిషను ఏ ల్యాబులోనూ లేదు.

ఆమె కవరు వెనక్కి తిప్పింది. మూలన పెన్సిలుతో సన్నగా ఒక తారీకు వేసి ఉంది. తను వేసింది కాదు. రిపోర్టు మీద తను సంతకం పెట్టింది పద్దెనిమిదో తారీకున. కవరు మీద ఉన్నది దానికి ముందు రోజు.

పదిహేడు. ఒకటీ ఏడూ కలిసిపోకుండా, ఏడుకి నడుము మీద అడ్డగీత.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"తలుపు వెయ్యమ్మా," అన్నాడు పెద్దాయన. "వేసి, ఇలా వచ్చి కూర్చో."